కుమ్మరి గాడిదకు పట్టాభిషేకం

ఇటీవలి ఆధ్యాత్మికోపన్యాసాలలో ఒక వాక్యం మంగళాచరణ స్థానాన్ని ఆక్రమించింది: “ఇది మనస్తత్వశాస్త్ర పరిశోధనలలో ఋజువైనది.” ఏ పరిశోధన, ఎవరు చేసినది, ఎందరిపై చేసినది అన్న ప్రశ్నకు ఆ సభలో తావు లేదు. కరతాళధ్వనుల మధ్య వక్త ముందుకు సాగిపోతాడు. ఆ మాట నమ్మి రక్తపోటు మాత్రలు మానివేసి జపమాల పట్టిన గృహస్థు గతి ఏమిటన్నది అతనికి పట్టదు. పరిశోధనా పరిభాష ఇట్టి వక్తలకు అలంకారం మాత్రమే. ఆ పదాల లక్షణాలు వారు విచారించినవారు కారు.

సహసంబంధమన్న పదాన్నే చూడండి. రెండు విషయాలు కలిసి పెరుగుతూనో తరుగుతూనో కనిపించడం దాని అర్థం. ఒకటి రెండవదానికి కారణమని అది చెప్పదు. ఏటేటా అలిపిరి మెట్లెక్కి తిరుమల చేరేవారు ఆరోగ్యవంతులుగా కనిపిస్తే, మెట్ల వలననే ఆరోగ్యం కలిగిందనవచ్చునా? మోకాళ్ళ నొప్పులవారు, హృద్రోగులు బస్సెక్కారు గనుక మెట్ల మీద ఆరోగ్యవంతులే మిగిలారని ఎందుకు అనరాదు? తర్కం చదివినవారికి ఇది క్రొత్త విచారం కాదు. నిప్పున్నచోటనెల్లా పొగ ఉండునన్న వాదంలో తడికట్టె ఉపాధి అని బాలశిక్షలోనే నేర్పుతారు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. కుండ పుట్టుటకు ముందు కుమ్మరి గాడిద ఉన్నది, మట్టి మోసినది. అయినను నైయాయికులు దానిని ఘటకారణమనలేదు, అన్యథాసిద్ధమని త్రోసిపుచ్చారు. అంతటి నిష్కర్షకు వారసులమని చెప్పుకొనేవారే నేడు ఆ గాడిదకు పట్టాభిషేకం చేస్తున్నారు!

అన్యథాసిద్ధాలను ఏరివేయడానికే ఆధునికులు నియంత్రిత సమూహాన్ని ఏర్పరచారు. జపం చేసినవారికి మండల కాలంలో ఆందోళన తగ్గినదంటే చాలదు. చేయనివారికి అదే కాలంలో ఎంత తగ్గినదో చూడాలి. ఎవరు ఏ సమూహంలో చేరాలో వారి ఇష్టానికి వదలక యాదృచ్ఛికంగా నిర్ణయించాలి, లేనిచో శ్రద్ధాళువులందరూ ఒకే ప్రక్కన చేరుతారు. అన్వయంతో పాటు వ్యతిరేకాన్నీ పరీక్షించమన్న మన శాస్త్రకారుల మాటకు ఇది ఎంతో దగ్గర.

ఇక ప్రార్థనా ఫలాన్ని గూర్చి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 393 మంది హృద్రోగులపై ర్యాండాల్ఫ్ బర్డ్ జరిపి 1988లో ప్రచురించిన పరిశీలనలో, ఇతరులు తమకై ప్రార్థించిన రోగుల స్థితి కొంత మెరుగుగా ఉన్నట్లు తేలింది. దానిని ఉదాహరించే వక్తలు 2006 నాటి మాట ఎత్తరు. ఆ యేట హెర్బర్ట్ బెన్సన్ బృందం అమెరికాలో ఆరు ఆసుపత్రులలో, గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగిన 1,802 మందిపై చేసిన ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి. ప్రార్థన ఉన్నదో లేదో తెలియని రెండు సమూహాలలో, ప్రార్థన జరిగినవారిలో 52 శాతం మందికి, జరగనివారిలో 51 శాతం మందికి ఉపద్రవాలు కలిగాయి. తమకై ప్రార్థన జరుగుతున్నదని నిశ్చయంగా తెలిసినవారిలో అది 59 శాతం. అనుకూలమైనదానిని ప్రమాణమని, ప్రతికూలమైనదానిని మౌనమని పట్టేవాడు జల్పం చేస్తున్నాడే గాని వాదం చేయడం లేదు. పునరావృత్తి అన్న పదం కూడ ఇక్కడ స్మరణీయం. 2015లో మనస్తత్వశాస్త్రంలోని 100 అధ్యయనాలను తిరిగి చేసి చూడగా, గణనీయ ఫలితం మరల లభించినవి 36 శాతమే. ఒక్క అధ్యయనాన్ని పట్టుకొని ఊగడం ఎంత సాహసమో ఆ శాస్త్రజ్ఞులే లోకానికి చాటారు. తమ ఇంటి దోషాన్ని తామే ప్రకటించిన ఆ నిజాయితీ మన వేదికలపై అరుదు.

అయితే 2006 ఫలితాన్ని చూపి ప్రార్థన మిథ్య అని చంకలు గ్రుద్దుకొనే నాస్తికులూ కార్యాత్మక నిర్వచనమన్న పదాన్ని చదవలేదు. కొలవదలచినదానిని ఈ ప్రయోగంలో దేనిగా గ్రహించారో ముందే చెప్పడం దాని లక్షణం. అక్కడ ప్రార్థన అనగా అపరిచితులైన కొందరు క్రైస్తవులు, రోగి పేరు, ఇంటిపేరులోని తొలి అక్షరం మాత్రమే తెలిసి, 14 దినాలు చేసిన విన్నపం. ఫలం అనగా శస్త్రచికిత్స పిమ్మట 30 దినాలలో కలిగిన ఉపద్రవాలు. నిష్కామోపాసనను గాని, చిత్తశుద్ధిని గాని అక్కడ ఎవరూ కొలవలేదు. కొలిచామని ఆ పరిశోధకులూ అనలేదు.