లెక్క వేరు, పద్దు వేరు

ఓడ ఎక్కేచోట చేతిలో పట్టుకుని నిలబడే ఆ చిన్న యంత్రం మీద ఈమధ్య మనవాళ్ళకి మహా కోపంగా వుంది. అమెరికాలో కూతురి దగ్గరికో కొడుకు దగ్గరికో వెళ్ళడం, వాళ్ళు సరదాపడి మయామీ నుంచి నాలుగు రోజుల క్రూజుకి తీసుకెళ్ళడం మామూలైపోయిందా! తిరిగొచ్చాక చెప్పే కబుర్లలో సముద్రం సగం, ఈ యంత్రం సగం. "ఏం మర్యాదండీ అది! పలకరింపు లేదు, మన్నన లేదు. మెళ్ళో వేలాడే కార్డు చూపించమనడం, దాని మీద ఎర్రదీపం వెయ్యడం, అది కుయ్ మనగానే ఇక పొమ్మనడం! సబ్బుబిళ్ళ మీద చారలు చూసి ధర కొట్టినట్టు కొట్టాడు నన్ను" అని ఒకావిడ వాపోయింది. విన్నవాళ్ళంతా అవునవునని తలలూపారు.

నేను ఊపలేదు. నాకు ఆ కుయ్ మనే చప్పుడంటే గౌరవం. ఆ యంత్రాన్ని తిట్టవలసిన సంగతి ఒకటుంది, కాదనను. కాని మనవాళ్ళు తిట్టేది దాన్ని కాదు.

ముందు అది చేసే పనేమిటో చూడండి. ఓడ ఎక్కబోయే ముందు మన పాస్‌పోర్టు చూస్తారు, ఫొటో తీసుకుంటారు, ఒక కార్డు ఇస్తారు. ఓడ మెట్ల దగ్గర నిలబడ్డ మనిషి ఆ కార్డు మీది చారల్ని చేతియంత్రంతో చదివించగానే మన పేరూ, ఫొటో తెరమీద పడతాయి. అతను తెరమీది మొహాన్నీ, ఎదుట వున్న మొహాన్నీ పోల్చి చూసుకుని లోపలికి పంపుతాడు. ఆ క్షణాన ఓడలో వున్నవాళ్ళ లెక్కలో ఒకటి పెరుగుతుంది. మధ్యలో ఏదో ఊళ్ళో షికారుకి దిగితే ఒకటి తగ్గుతుంది, మళ్ళీ ఎక్కితే పెరుగుతుంది. సాయంత్రం ఓడ కదలబోయే ముందు ఎవరి లెక్క తిరిగి జమపడలేదో చూసుకుని మైకులో పేర్లు పిలుస్తారు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. చేతిలో పట్టుకోవడం ఎందుకు, గోడకి బిగించవచ్చుగా అంటారేమో! ఓడ గుమ్మం మన ఇంటి గుమ్మంలా ఒకచోట వుండదమ్మా. సముద్రపు పోటునీ పాటునీ బట్టి, రేవుగట్టు ఎత్తుని బట్టి, ఇవాళ ఒక అంతస్తు తలుపు తీస్తే రేపు ఇంకో అంతస్తు తలుపు తీస్తారు. లోతు చాలని ఊళ్ళలో ఓడని దూరాన నిలబెట్టి చిన్న పడవల్లో దింపుతారు. గుమ్మం ఎటు పోతే యంత్రమూ అటు పోవాలి.

2024 జనవరిలో మయామీ నుంచి మొదటి ప్రయాణం చేసిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అనే ఓడలో ప్రయాణికులే 7,600 మంది దాకా పడతారు. సిబ్బంది వేరే. మన చిన్న టౌను ఒకటి నీళ్ళ మీద తేలుతున్నట్టు. అంతమందినీ పేరు పెట్టి పలకరించి, కుశలం అడిగి ఎక్కించాలంటే ఓడ కదిలేది మర్నాడే!

పెళ్ళివారి బస్సు కదిలేముందు మన ఇళ్ళలో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. ఎవరో ఒక పెద్దత్తయ్య లేచి నిలబడి, వెనక సీటు నుంచి ముందు సీటు దాకా వేలు చూపిస్తూ లెక్కపెడుతుంది. ఒళ్ళో పిల్లల్ని రెండోసారి లెక్కపెడుతుంది. నన్ను వేలెత్తి చూపిస్తావా అని ఎవరైనా అలిగారా? ఆవిడ లెక్కపెట్టకపోతేనే అలగాలి. పరమానందయ్య శిష్యులు ఏరు దాటి లెక్కపెట్టుకుంటూ, ఎవరికి వారు తమని మర్చిపోయి, ఒకడు మునిగిపోయాడని ఏడ్చిన కథ మనందరం విన్నదే. నవ్వుకున్నాం సరే. ఏరు దాటాక లెక్క చూసుకోవాలన్న బుద్ధి మాత్రం ఆ వెర్రివాళ్ళకి వుంది. (మావారు ఇంతవరకూ చదివి, "నీకు లెక్కంటే ప్రాణం కదూ, పెళ్ళిళ్ళలో గిన్నెలు లెక్కపెట్టినట్టు" అన్నారు. లెక్కపెట్టబట్టే గిన్నెలు తిరిగొచ్చాయని ఆయనకేం తెలుసు!)

లెక్కపెట్టకపోతే ఏమవుతుందో సముద్రం చాలాసార్లు చెప్పింది. 1987 డిసెంబరు 20న ఫిలిప్పీన్స్‌లో డోన్యా పాజ్ అనే ప్రయాణికుల ఓడ మనీలాకి వెడుతూ చమురు ఓడని గుద్దుకుని తగలబడి మునిగిపోయింది. కాగితం మీద వున్న మనుషులు 1,500 చిల్లర. పోయినవాళ్ళు 4,000కి పైమాటేనని తర్వాత తేలింది. ఓడ ఎక్కాక టికెట్టు కొనుక్కున్నవాళ్ళు, ఉచితం పాసులవాళ్ళు – వీళ్ళెవరూ జాబితాలో లేరు. టికెట్టు అక్కర్లేని నాలుగేళ్ళలోపు పసివాళ్ళూ లేరు. చంకలో ఎత్తుకున్న బిడ్డకి డబ్బు కట్టలేదు కనక ఆ బిడ్డ ఓడలో లేనట్టే! ఏ తల్లి పోగొట్టుకుందో, ఎంతమందిని పోగొట్టుకుందో చెప్పడానికి ఆ తల్లి కూడా మిగల్లేదు.

పేదదేశం కనక అలా జరిగింది అనకండి. అదే ఏడాది మార్చి 6న బెల్జియంలో జీబ్రుగ రేవు దాటీ దాటకుండానే హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఇంగ్లీషువాళ్ళ ఓడ ముందు తలుపులు మూయకుండా బయల్దేరి పక్కకి పడిపోయింది. 193 మంది పోయారు. అంత నాగరీకుల దగ్గర కూడా ఎక్కినవాళ్ళ పేర్ల పట్టీ సరిగ్గా లేదు. 1998లో యూరోపియన్ యూనియన్ దేశాలు కలిసి ఒక శాసనం చేసుకున్నాయి: ప్రయాణికుల ఓడ బయల్దేరేముందు అందులో వున్న ప్రతి మనిషినీ లెక్కపెట్టాలి, దూరప్రయాణమైతే పేర్లు కూడా రాసి ఒడ్డున వున్న మనిషికి పంపాలి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పనుంది. పట్టీ ఓడలోనే వుంటే ఓడతోపాటే మునుగుతుంది.

ఇక 2012 జనవరి 13న ఇటలీలో జీలియో దీవి దగ్గర రాయికి కొట్టుకుని ఒరిగిపోయిన కోస్టా కాంకోర్డియాలో 4,229 మంది వున్నారు. 32 మంది చనిపోయారు. ప్రమాదం వస్తే ఎవరెక్కడ గుమికూడాలో చూపించే కసరత్తు, ఆ సాయంత్రం ఎక్కినవాళ్ళకి అప్పటికింకా చెయ్యనే లేదు. ఇప్పుడు ఓడ కదలకముందో, కదలగానేనో అది చేసి తీరాలి. అక్కడా ఇదే చేతియంత్రం కుయ్ మంటుంది. ఫలానా గదిలో ఆవిడ తన చోటికి వచ్చింది అని రాసుకుంటుంది. కార్డు చూపించేసి, లైఫ్‌జాకెట్ వంక కన్నెత్తి చూడకుండా ఐస్‌క్రీము దగ్గరికి పరిగెత్తితే ఆ తప్పు యంత్రానిది కాదు.

సరే, ఇప్పుడు తిట్టవలసిన చోటుకి వద్దాం.

తల లెక్కపెట్టిన ఆ కార్డే ఓడలోకి వెళ్ళగానే వేషం మారుస్తుంది. గది తాళంచెవి అదే, డబ్బుసంచీ అదే. ఓడలో నోట్లు చెల్లవు, జూదశాలలో తప్పించి. కాఫీ కావాలా, కార్డు. ఫొటో కావాలా, కార్డు. ఒళ్ళు పట్టించుకోవాలా, కార్డు. ప్రతిదానికీ అదే యంత్రం, అదే కుయ్. పైగా నౌకర్ల బక్షీసు రోజుకింతని తలకొకటి చొప్పున, చాలా ఓడల్లో, మనం చెప్పకుండానే ఖాతాకెక్కుతుంది. ఆఖరి రాత్రి బిల్లు చూసుకుంటే తెలుస్తుంది, ఎన్నిసార్లు కుయ్ మందో!

ఖాతా అంటే ఏమిటో మగవాళ్ళకన్నా మనకి బాగా తెలుసు. వీధి చివరి కిరాణా కొట్టు శెట్టిగారు "డబ్బుకేం తొందరమ్మా, పద్దు రాస్తాలే" అంటే అది దయ కాదని మన అమ్మమ్మలకే తెలుసు. చేతిలో నోటుంటే విప్పి, మడిచి, ఆలోచించి ఇస్తాం. పద్దు అనేసరికి అరకిలో కావలసిన చోట కిలో తెస్తాం. శెట్టిగారి పుస్తకం అయినా నయం, నెల మధ్యలో "ఎంతయింది?" అని అడిగేవాళ్ళం. ఓడలో రంగురంగుల దీపాల మధ్య, పిల్లలు కొంగు పట్టుకు లాగుతుంటే ఎవరడుగుతారు?

నా ఆరోపణ ఇదీ: మెట్ల దగ్గర కుయ్ మన్నప్పుడు మనం ఎదురుచెప్పకూడదు. చెప్పడం ప్రమాదం కూడా. ఆ వినయం మనకి అలవాటు చేసి, అదే చప్పుడుతో, అదే కార్డుతో కొట్టులో కూడా ఎదురుచెప్పకుండా చేస్తున్నారు. ప్రాణానికి కాపలా వున్నవాడి టోపీ తీసి అమ్మేవాడు పెట్టుకున్నట్టు. 2017 జనవరిలో ప్రిన్సెస్ కంపెనీవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి రూపాయిబిళ్ళంత బిళ్ళ ఒకటి చూపించారు. మెళ్ళో వేసుకుంటే మనం దగ్గరికి రాగానే గది తలుపు తెరుచుకుంటుంది. తప్పిపోయిన పిల్లవాడు ఎక్కడున్నాడో తెలుస్తుంది. బాగుంది. మనం ఎక్కడ కూచున్నామో తెలుసుకుని అక్కడికే పానీయం కూడా తెచ్చిపెడతారు. పిల్లవాడి జాడా, పానీయం అమ్మకమూ ఒకే బిళ్ళలో!

సౌకర్యం కోసమండీ, రెండు కార్డులైతే పారేసుకుంటారు అంటారు. ఇంటి తాళంచెవీ, జీతండబ్బూ ఒకే మూటగట్టి పిల్లవాడి మెళ్ళో వేసి తిరణాలకి పంపే ఇల్లాలిని చూపించమనండి. లెక్కకి ఒక కార్డు, పద్దుకి ఇంకొకటి పెట్టమందాం. పద్దు కార్డు అక్కర్లేదన్నవాళ్ళకి ఇవ్వొద్దు. పిల్లల కార్డుకి ఖర్చు లేకుండా చెయ్యమంటే చాలా ఓడల్లో ఇప్పటికీ చేస్తారు. అయితే మనం అడగాలి. వాళ్ళంతట వాళ్ళు చెబుతారా? కామోసు అనుకోకండి.

ఈ యంత్రం కోసం మయామీయే పోనక్కర్లేదు. క్రూజు మన విశాఖకీ వచ్చింది. 2022 జూన్‌లో అక్కణ్ణించి చెన్నైకి విహారనౌక తిరిగింది. 2023లో అక్కడ టెర్మినల్ కట్టి తెరిచారు కూడా. కాని మనలో ఎంతమంది ఆ ఓడలెక్కుతాం? మన ఓడ గోదావరి లాంచీ. భద్రాచలం, పాపికొండలు, పట్టిసీమ. సంచిలో పులిహోర, చంకలో మనవరాలు. మయామీలో లెక్కపెట్టారని చిన్నబుచ్చుకునే మనం, ఇక్కడ లెక్కపెట్టలేదని ఎప్పుడైనా చిన్నబుచ్చుకున్నామా?

2019 సెప్టెంబరు 15, ఆదివారం. వరదగోదావరి. దేవీపట్నం ఎగువన కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట అనే పర్యాటక బోటు మునిగింది. ఎంతమంది వున్నారయ్యా అంటే మొదటిరోజు అరవై చిల్లర అన్నారు. మర్నాటికి ఆ అంకె మారింది, తర్వాత మళ్ళీ మారింది, చివరికి 77 దగ్గర ఆగింది. రాజమండ్రి ఆస్పత్రి దగ్గర ఎదురుచూస్తున్నవాళ్ళకి ఆ అంకె మారినప్పుడల్లా గుండె ఎలా వుంటుందో ఆలోచించండి. అంకె మారడమంటే, ఎవరూ వెతకని మనిషి ఒకరు ఇంకా నీళ్ళలో వున్నారన్నమాట. అక్టోబరు 22న కాకినాడ ధర్మాడి సత్యం బృందం ఆ బోటుని పైకి లాగేదాకా కొందరి వాళ్ళకి ఆ మాత్రం కూడా తెలియలేదు. ఆ తర్వాత ఒడ్డున కంట్రోల్ రూములు పెట్టారు. మంచిదే. రూము కట్టినంత మాత్రాన లెక్క వస్తుందా? అందులో కూచున్న మనిషి బోటు తాడు విప్పేముందు ప్రతి తలా చూడాలి, ప్రతిరోజూ చూడాలి, కార్తీకమాసం రద్దీలో కూడా చూడాలి.

దానికి ఎర్రదీపం యంత్రం లేకపోతే మానె. రూళ్ళ పుస్తకం ఒకటి, పెన్సిలు ఒకటి, లెక్కపెట్టే పెద్దత్తయ్య లాంటి మనిషి ఒకరు చాలు. టికెట్టు డబ్బు తీసుకునేవాడు మాత్రం ఆ మనిషి కాకూడదు. వాడికి అమ్మిన టికెట్లే మనుషులు.

ఈసారి పాపికొండలు వెళ్ళినప్పుడు, ఫొటోలకి ముందు, టిఫిను ఎప్పుడు పెడతారని అడగటానికి ముందు, బల్ల మీద కాలు పెట్టకుండానే రెండు ప్రశ్నలు అడగండి. వెనకాల క్యూలో వాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఎక్కినవాళ్ళ పేర్ల పట్టీ ఇంకో ప్రతి ఒడ్డున ఎవరి దగ్గర వుంది? నా చంకలో వున్న ఈ పిల్ల పేరు అందులో రాశారా?