అయోవాకు మార్కులేసినం, ఆదిలాబాద్‌ను మరిచినం

ఫ్రెండ్స్, ముందే ఒక మాట. ఇది ఏ పార్టీకీ ప్రచారం కాదు. 2024 మే 13న నా మొదటి ఓటు ఎవరికి వేసిననో మా ఇంట్లో కూడా చెప్పలేదు, ఇక్కడా చెప్పను. నేను చెప్పదలచుకున్నది నా ఎక్సెల్ షీట్ సంగతి.

మా హాస్టల్‌లో 2023 ఆగస్టు నుంచి ఒక పిచ్చి పట్టుకుంది. అమెరికాలో రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ పోటీ అది. సగం మందికి ఎమ్మెస్ ఆశ, అందరికీ హెచ్1బీ భయం. పైగా పోటీలో ఇద్దరు మన మూలాలున్న వాళ్లు. ఒకరు వివేక్ రామస్వామి, తల్లిదండ్రులు కేరళ నుంచి వెళ్లిన తమిళులు. ఇంకొకరు నిక్కీ హేలీ, పంజాబీ కుటుంబం. "మనోళ్లు" అని అరవడానికి మాకు అంతకంటే ఏం కావాలె!

అరుపులతో తేలేటట్టు లేదని నేనొక షీట్ తయారు చేసిన. ప్రశ్నలు మూడే. ఒకటి, చెప్పేదానికీ చేసినదానికీ పొంతన ఉందా? రెండు, సూటిగా అడిగితే సూటిగా జవాబిస్తారా? మూడు, తనకు ఓటేసే జనానికే నచ్చని నిజం ఎప్పుడైనా చెప్పారా? ఒక్కోదానికి పది మార్కులు.

రామస్వామితో మొదలుపెడతా. 2023 ఆగస్టు 23న మిల్వాకీలో జరిగిన మొదటి డిబేట్‌లో అందరికంటే చురుగ్గా మాట్లాడింది ఆయనే. భయం లేదు, తడబాటు లేదు. ఆ నున్నటి మాటలు విని క్రిస్ క్రిస్టీ అక్కడే "చాట్‌జీపీటీ లాగా మాట్లాడుతున్నాడు" అని ఎద్దేవా చేసిండు. మా రూమంతా నవ్వింది. ఇక హెచ్1బీ లాటరీని తీసేస్తానని ఆయన అన్నప్పుడు ఒక లెక్క బయటికొచ్చింది. ఆయన స్థాపించిన కంపెనీ 2018 నుంచి 2023 మధ్య అవే వీసాలు 29 సార్లు తీసుకుంది. చట్టం ఉన్నన్నాళ్లు వాడుకుంటూనే అది బాగాలేదని అనొచ్చు కదా అన్నది వాళ్ల జవాబు. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ మొదటి ప్రశ్నకు నేను ఐదు మించి వేయలేకపోయిన. "మనోడు" అన్నందుకు మార్కులు కలపాలని మా రూమ్మేట్ కొట్లాడిండు. కలపలేదు.

హేలీకి అదే డిబేట్‌లో మూడో ప్రశ్న కింద మంచి మార్కులు పడ్డయి. దేశం అప్పులకు డెమోక్రాట్లే కాదు, మన పార్టీ కూడా కారణమే, ట్రంప్ హయాంలోనే ఎనిమిది ట్రిలియన్ డాలర్లు పెరిగింది అని సొంత పార్టీ జనం ముందే చెప్పింది. 2015లో సౌత్ కరోలినా గవర్నర్‌గా ఉన్నప్పుడు చార్లెస్టన్ చర్చిలో నల్లజాతి వాళ్లను కాల్చి చంపిన ఘటన తర్వాత, రాష్ట్ర అసెంబ్లీ ఆవరణ నుంచి కాన్ఫెడరేట్ జెండాను దించే బిల్లు మీద సంతకం పెట్టింది కూడా ఆమెనే. అంత పని చేసిన మనిషి 2023 డిసెంబర్‌లో న్యూ హాంప్‌షైర్ సభలో "అంతర్యుద్ధానికి కారణం ఏంది?" అని ఎవరో అడిగితే బానిసత్వం అనే మాటే ఎత్తలేదు. తెల్లారి సర్దుకుంది. ఎనిమిదో తరగతి పిల్లలు చెప్పే జవాబు అది. ఎవరో నొచ్చుకుంటారన్న భయంతో నోరు కట్టేసుకుంటే రెండో ప్రశ్నకు మార్కులు ఎట్ల పడతయి?

ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్‌కు పని చేసిన రికార్డు ఉంది. 2022లో భారీ మెజారిటీతో మళ్లీ గెలిచిండు. కానీ అదే మిల్వాకీ వేదిక మీద "ట్రంప్‌కు శిక్ష పడినా మీరు మద్దతిస్తారా, చేతులెత్తండి" అన్నప్పుడు అటూ ఇటూ చూసి చెయ్యెత్తిండు. ఎనిమిది మందిలో ఆరుగురు ఎత్తినరు, హేలీ కూడా. రామస్వామి మాత్రం వెంటనే ఎత్తిండు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ సూటిదనానికి మార్కు ఇయ్యాలె.

ఇక ట్రంప్. పార్టీ డిబేట్లకు ఒక్కదానికీ రాలేదు. 2020లో ఓడిపోయిన సంగతి ఒప్పుకోడు. 2023లో నాలుగు క్రిమినల్ కేసులు మీద పడ్డయి. అయితే ఆయన బలాన్ని తక్కువ చేస్తే మన షీట్ అబద్ధమైతది. సుప్రీంకోర్టుకు సంప్రదాయవాద జడ్జీలను వేస్తా అన్నడు, ముగ్గురిని వేసిండు. ఆ ఓటర్ల లెక్కలో అది మాట నిలబెట్టుకోవడమే. 2024 జనవరి 15న అయోవాలో గడ్డకట్టే చలిలో జనం స్కూళ్లలో, చర్చిలలో కూడి ఓటేస్తే సగానికి పైగా ఆయనకే పడ్డయి. రామస్వామికి ఎనిమిది శాతం కూడా రాలేదు, ఆ రాత్రే తప్పుకున్నడు. నా షీట్‌లో తక్కువ మార్కులు వచ్చిన మనిషి అక్కడ ఫస్ట్ ర్యాంక్ కొట్టిండు.

సంక్రాంతి అయిపోయినంక కూడా నేను రెండు రోజులు ఇంట్లనే ఉన్న. పత్తి అమ్మి వచ్చిన మా నాయినకు ఫోన్‌లో ఈ షీట్ చూపించిన. అంతా విని అన్నడు: "అమెరికోళ్లకు మస్తు మార్కులేసినవ్ గానీ, మన సీటుకు నిలబడేటోళ్లకు ఎన్నేసినవ్‌రా?"

నా దగ్గర జవాబు లేదు.

మనది ఎస్టీ రిజర్వుడ్ లోక్‌సభ స్థానం. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో దీని పరిధిలోని ఏడు సీట్లలో నాలుగు బీజేపీ గెలిచింది. సిర్పూర్, ఆదిలాబాద్, నిర్మల్, ముథోల్. అంటే ఇక్కడ సంప్రదాయవాద పార్టీ టికెట్టంటే మామూలు విషయం కాదు. మన ప్రైమరీ అంటూ ఒకటి ఉంటే అసలు పోటీ అక్కడే ఉండేది.

ఏం జరిగిందో తేదీలు చూడండి. మార్చి 2న బీజేపీ మొదటి జాబితా వచ్చింది. కరీంనగర్‌కు బండి సంజయ్ పేరుంది, ఆదిలాబాద్ లేదు, ఇక్కడ సిట్టింగ్ ఎంపీ ఉన్నా సరే. మార్చి 4న ప్రధాని ఆదిలాబాద్ వచ్చి సభ పెట్టిండు. అప్పటికీ అభ్యర్థి ఎవరో తెల్వదు. మార్చి 5న అమెరికాలో పదిహేను రాష్ట్రాల జనం ఒకేరోజు ప్రైమరీ ఓట్లు వేసినరు, తెల్లారి హేలీ తప్పుకుంది. మార్చి 10న గోడం నగేష్ బీఆర్‌ఎస్ నుంచి బీజేపీలో చేరిండు. మార్చి 13న టికెట్ ఆయనదే. మధ్యల మూడు రోజులు.

సరే, నా మూడు ప్రశ్నలే పెట్టి చూద్దాం. సిట్టింగ్ ఎంపీ సోయం బాపురావు బలం ఉద్యమం. తుడుందెబ్బ నుంచి వచ్చిన నాయకుడు, 2019లో 58 వేలకు పైగా మెజారిటీతో గెలిచిండు. ఆయన గట్టిగా నిలబడ్డ మాట లంబాడాలను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలన్నది. గోండు గూడేల్లో అది బలం. తండాల్లో అదే భయం. ఒక ఎంపీ ఇద్దరికీ మనిషి కావాలె కదా? 2023లో బోథ్ అసెంబ్లీకి నిలబడి ఓడిపోయిండు కూడా.

నగేష్ బలం అనుభవం. తెలుగుదేశం నుంచి బోథ్ ఎమ్మెల్యేగా, 2014లో టీఆర్‌ఎస్ ఎంపీగా చేసిండు. 2019లో ఓడింది ఇదే బాపురావు చేతుల, ఇదే బీజేపీ మీద. ఐదేండ్ల కింద ఏ పార్టీకి ఓటెయ్యొద్దన్నడో అదే పార్టీకి ఎందుకు వెయ్యాలో చెప్పాల్సిన బాధ్యత ఆయనది. చెప్పడానికి ఆయనకు మంచి జవాబే ఉండొచ్చు. అడిగే చోటు లేకపాయె. చివరికి 90 వేలకు పైగా మెజారిటీతో గెలిచిండు కాబట్టి పార్టీ లెక్క తప్పలేదు. ఇది ఒక్క పార్టీ సంగతీ కాదు. బీఆర్‌ఎస్ నిలబెట్టిన ఆత్రం సక్కు 2018లో ఆసిఫాబాద్‌ల గెలిచింది కాంగ్రెస్ గుర్తు మీద.

ప్రైమరీ వస్తే మంచోళ్లే గెలుస్తరని నేను అంటలేను. డిబేట్‌కు రానోడే గెలిచినప్పుడు ఆ మాట ఎట్ల అంటా? డబ్బున్నోడి ఆట అదీ. వడ్లూరు మూలాలున్న ఉషా వాన్స్ భర్తకు ఉపాధ్యక్ష టికెట్ వచ్చిందని జూలైలో మన టీవీలు పండుగ చేసినయి గదా, ఆ టికెట్‌కు కూడా ప్రైమరీ లేదు. ఒక్క మనిషి ఎంచుకున్నడు, అంతే. కాకపోతే వాళ్ల పద్ధతిలో ఒక లాభం ఉంది. లోపం ఏదైనా టికెట్ ఇయ్యకముందే, సొంత పార్టీ మనుషుల ముందే బయటపడతది. బానిసత్వం మాట మింగితే తెలుస్తది. 29 వీసాలు దాస్తే తెలుస్తయి. మనకు తెలిసే టైముకు గుర్తు డిసైడ్ అయిపోయి ఉంటది. ఇక మనం అభ్యర్థిని చూడం, గుర్తును చూస్తం.

మూతబడ్డ సీసీఐ సిమెంట్ ఫ్యాక్టరీ, ఆర్మూర్ రైల్వే లైన్. ఈ రెండూ ప్రతి ఎన్నికల్లో వినపడతయి. టికెట్ ఆశించే వాళ్లందరినీ ఒక్క సాయంత్రం ఆదిలాబాద్‌ల ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, "వీటికి మీరు ఇప్పటిదాకా ఏం చేసినరు, ఏ కాగితం ఎవరికి ఇచ్చినరు?" అని అడిగితే చాలు. పార్టీలు పెట్టకపోతే మనం పెట్టొచ్చు. డిబేట్లు పెట్టుడు మన క్లబ్‌కు కొత్త కాదు కదా.

మా నాయిన అడిగినంక షీట్‌లో కొత్త వరుసలు చేర్చిన. మన దగ్గర టికెట్ అడిగే వాళ్లవి. నాలుగేండ్లు చదివే పిల్లగాన్ని, ఇంటర్నెట్ అంతా చేతిలో ఉన్నోన్ని, అయోవా గళ్లన్నీ నింపిన. ఆదిలాబాద్ గళ్లలో సగం ఇంకా ఖాళీగనే ఉన్నయి. మీ ఊరి సంగతులు తెలిసిన వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, షీట్ లింక్ పంపుత.