బురదలో ఒక్క చక్రమే ఎందుకు తిరుగుతుంది?

మన హాస్టల్లో చదివి, అప్పు చేసి పికప్ బండి కొనుక్కుని బతుకుతున్న అన్నలకీ, రేపు కొనబోయే తమ్ముళ్ళకీ ఒక మాట. షోరూములో లోడు ఎంత, కిస్తీ ఎంత అని అడుగుతాం. డిఫరెన్షియల్ సంగతి అడగం. దివిసీమ, కైకలూరు వైపు తిరిగే బండికి అడగాల్సింది అదేనని నా అభిప్రాయం.

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం పోవాలి. అందుకే వెనక హౌసింగులో డిఫరెన్షియల్ పెడతారు. తారు రోడ్డు మీద అది వరమే. కాని అది రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది. నల్లరేగడి డొంకలో ఒక చక్రం జారిందంటే దానికి పట్టు లేదు, కనుక రెండోదానికీ బలం అందదు. ఒకటి గిర్రున తిరుగుతుంది, ఇంకోటి కదలదు. ఎంత తొక్కినా గొయ్యి లోతవుతుందే గాని బండి రాదు. లాక్ గాని, ట్రాక్షన్ కంట్రోల్ గాని లేకపోతే ఫోర్ వీల్ డ్రైవ్ అయినా ముందొకటి, వెనకొకటి జారితే అంతే సంగతులు!

దమ్ము చేసే ట్రాక్టర్లు చాలావరకు రెండు చక్రాల డ్రైవే. అయినా వాటికి డిఫరెన్షియల్ లాక్ ఉంటుంది. తొక్కితే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి (మలుపు తిప్పేముందు వదిలేయాలి సుమా). 2022లో మన దేశంలోకి వచ్చిన టయోటా హైలక్స్‌కీ ఉంది, కాని ఆ ధర మనకెక్కడిది? ట్రాక్టరుకిచ్చేది ధాన్యం మోసే పికప్‌కి ఎందుకివ్వరని కంపెనీలను మనమే అడగాలి.

అంతవరకూ, ఖాళీ బండే ముందు జారుతుంది గనుక వెనక రెండు బస్తాలు వేసుకోండి. దిగబడితే మెల్లగా కదపండి. ఐ.టి.ఐ.కి వెళ్ళే తమ్ముళ్ళు ఆటోనగర్‌లో విప్పిన హౌసింగ్ ఒకటి చేత్తో తిప్పి చూడండి.