నులిపురుగుల క్రోమోజోము కొనలు: నమూనా జీవి పాఠం పొలానికి చాలునా?

టెలోమియర్లు క్రోమోజోము కొనలకు రక్షణ కవచాలన్న భావనకు పునాది వేసిన పరిశోధనల్లో కొన్ని మొక్కజొన్నపైనే జరిగాయి. తెగిన కొనలు అతుక్కున్నప్పుడు ఒకే క్రోమోజోముపై రెండు సెంట్రోమియర్లు ఏర్పడి, కణ విభజనలో చెరొక ధ్రువం వైపు లాగబడటం వల్ల అది మళ్లీ తెగుతుందని బార్బరా మెక్‌క్లింటాక్ 1941లో వివరించారు.

నులిపురుగులలో స్థితి భిన్నం. నమూనా జీవియైన కేనోరాబ్డైటిస్ ఎలిగాన్స్‌లో సెంట్రోమియర్ ఒక బిందువుకు పరిమితం కాదు. కండె తంతువులు క్రోమోజోము పొడవునా అతుక్కుంటాయి. అందువల్ల కొనలు కలిసిపోయిన క్రోమోజోము సైతం సమవిభజనలో తెగకుండా పిల్ల కణాలకు చేరగలదు. అంతమాత్రాన కొనలు అప్రధానం కావు. టెలోమరేజ్ లోపించిన పురుగులలో టెలోమియర్లు తరతరానికి కురచబడి, చివరకు సంతానోత్పత్తి నశిస్తుంది. క్షయకరణ విభజనలో ప్రతి క్రోమోజోము ఒక కొన సమీపాన గల ప్రత్యేక ప్రాంతం కేంద్రక త్వచానికి చేరి, సమజాతాలు జతకూడటానికి దోహదపడుతుంది.

ఈ పాఠాన్ని యథాతథంగా వేరుబుడిపె నులిపురుగుకు అన్వయించడం సరికాదు. టమాటా, వంగ, మిరప పంటలను పీడించే మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా క్షయకరణ విభజన లేకుండా, అనిషేక జననం ద్వారా వృద్ధి చెందుతుంది. జతకూడే దశే దానికి లేదు. ఎలిగాన్స్ కొనలలో పునరావృతమయ్యే టి.టి.ఎ.జి.జి.సి. వరుస దీని కొనలలో కనిపించలేదనీ, అక్కడ భిన్నమైన పునరావృత వరుసలున్నాయనీ 2024లో ప్రచురితమైన జన్యుపటలాలు తెలిపాయి. టెలోమరేజ్ జన్యువు సైతం వాటిలో గుర్తింపునకు రాలేదు. మరి ఈ పురుగు తన క్రోమోజోము కొనలను తరతరాలుగా ఎట్లు నిలుపుకొంటున్నది?

ఇది కేవలం ప్రయోగశాల ప్రశ్న కాదు. లైంగిక పునరుత్పత్తి లేకున్నా, టమాటాలోని ఎంఐ-1 నిరోధక జన్యువును అధిగమించిన తెగలు ఈ జాతిలో ఏర్పడ్డాయి. ఆ వైవిధ్యంలో క్రోమోజోము కొనల పాత్ర ఉన్నదో లేదో పరీక్షించి తేల్చవలసి ఉన్నది.

పంట మార్పిడి, వేసవి లోతు దుక్కులు, బంతి సాగు ఉండగా ఈ పరిశోధన ఎందుకన్న ఆక్షేపణ రావచ్చు. ఆ పద్ధతులు కొనసాగవలసినవే. అయితే నిరోధక రకం ఎంతకాలం నిలుస్తుందో రైతుకు చెప్పవలసిన విస్తరణ శాస్త్రవేత్తకు పురుగు వంశపారంపర్య స్వభావం తెలియడం అవసరం. కనుక వ్యవసాయ విశ్వవిద్యాలయాల నులిపురుగుల పాఠ్యాంశంలో నమూనా జీవితో పాటు పొలంలోని పురుగు కణ విభజనకూ స్థానం కల్పించాలి. స్నాతకోత్తర విద్యార్థులు స్థానిక తెగల క్రోమోజోములను పరిశీలించడం అందుకు తగిన తొలి అడుగు.