మగాడంటే ఎవరండీ?

"మగాడంటే వాడే!" అన్న మాట మన ఇళ్లలో ఎవరి గురించి అంటామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. జ్వరమొచ్చిన పిల్లను రాత్రంతా భుజాన వేసుకు తిరిగిన తండ్రి గురించి కాదు. తొడగొట్టి, పదిమందిని గాల్లోకి లేపిన సినిమా హీరో గురించి!

మగతనమంటే ఇదేనని ఎవరు నిర్ణయించారు? మన సినిమాయే ఒకప్పుడు అలా అనలేదు. ఒక్క ఎన్టీ రామారావుగారినే తీసుకోండి. 1962లో 'గుండమ్మ కథ'లో నిక్కరు తొడుక్కుని, రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బారు. మరుసటేడు 'నర్తనశాల'లో బృహన్నలగా నగలు పెట్టుకుని ఉత్తరకు నాట్యం నేర్పారు. ఆయన హీరోతనానికి ఏం లోటొచ్చిందంట?

మరి 2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చింది. పిల్ల ఇష్టమేమిటో అడగకుండానే "ఇది నాది" అని కాలేజీలో చాటించి, ముద్దు పెట్టినవాడు మన కుర్రాళ్లకు ఆదర్శ ప్రేమికుడైపోయాడు. ఆ కథనే హిందీలో తీశాక, 2019లో దర్శకుడు సందీప్ రెడ్డి వంగా ఒక ఇంటర్వ్యూలో, చెంపదెబ్బ కొట్టే చనువైనా లేని ప్రేమలో అనుభూతేముందన్న అర్థంలో మాట్లాడారు. సినిమాలో సంగతెలా ఉన్నా, మన ఇళ్లలో చెంప ఎవరిదో, చెయ్యి ఎవరిదో వేరే చెప్పాలా?

"ఉత్త సినిమాయేగా, అంత పట్టింపెందుకు?" అంటారు. హీరోని చూసి గడ్డం పెంచినవాడు, చెయ్యెత్తడం మాత్రం నేర్చుకోకుండా వదిలేస్తాడా?

నన్నడిగితే, తప్పు హీరోలొక్కరిదే కాదు. పొగిడేవాళ్లుంటేనే కదా వాళ్లు తొడగొట్టేది! ఆ మాటకొస్తే మగవాణ్ణి పొగడటం మన ఆడవాళ్లకు కొత్తా? ఇప్పుడు నాగార్జున సాగర్ నీళ్ల కింద ఉన్న విజయపురిలో, మూడో శతాబ్దంలోనే ఆ పని జరిగింది, అదీ రాతిమీద. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి తోబుట్టువు శాంతిశ్రీ మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టి, వాటిమీద అన్నదమ్ముణ్ణి ఏమని కీర్తించింది? కోట్ల బంగారం, లక్ష గోవులు, లక్ష నాగళ్లు దానమిచ్చినవాడని! అశ్వమేధం చేశాడనీ ఉంది, కాదనను. కానీ ఒకరి పొలానికి నాగలివ్వడం కూడా మగవాడి గొప్పేనని ఆనాటి ఆడది రాయించింది చూశారా?

అదే చోట, 1955లో పునాది పడ్డ డ్యామును రాయీ రాయీ పేర్చి కట్టారు. ఆ రాళ్లు మోసిన వేలమందిలో ఒక్కరికైనా మనం 'స్టార్' అని బిరుదిచ్చామా?

బిరుదులిచ్చేదీ, టికెట్లు కొనేదీ మనమే. చెంప పగలగొట్టినవాడికి చప్పట్లు కొట్టేముందు కాస్త ఆలోచిద్దాం. ఆ చప్పట్లు వింటూ పక్క కుర్చీలో పెరిగేది మన కొడుకే. రేపు వాడి ఇంటికొచ్చేది ఎవరో కన్న కూతురు.