బంధువులే పెట్టుబడి

బీమా కంపెనీలో ఏజెంటుగా చేరిన కుర్రాడి చేతికి మొదటి వారంలోనే ఒక తెల్ల కాగితం వస్తుంది. తెలిసినవాళ్ల పేర్లు వంద రాయమంటారు. పక్కన వయసు, ఉద్యోగం, పిల్లలెందరు, ఫోన్ నంబరు. జాబితా మేనమామతో మొదలవుతుంది. తర్వాత బాబాయి, అక్క తోటికోడలి భర్త, ఇంటర్లో లెక్కలు చెప్పిన మాస్టారు, పక్క వాటాలో ఉండే ఆర్టీసీ కండక్టరు. ఎనభై దగ్గర కలం ఆగిపోతే మేనేజరే సాయం చేస్తాడు: ‘మీ అన్నయ్య పెళ్లికి ఎవరెవరు వచ్చారో గుర్తు తెచ్చుకో.’

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో ఊళ్లో ఫ్లెక్సీల మీదా, ఫోన్లో వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే పిలుపు: ‘పెట్టుబడి అక్కర్లేని వ్యాపారం, ఇంటి దగ్గర నుంచే సంపాదన.’ బీమా, మ్యూచువల్ ఫండ్లు, చిట్లు, లోన్లు, ఏదైనా పిలుపు అదే. పెట్టుబడి ఉంది. అది ఆ కాగితం మీదే ఉంది. మీ అమ్మానాన్నలు ముప్పై నలభై ఏళ్లపాటు పెళ్లిళ్లకు వెళ్లి, చావులకు వెళ్లి, చేబదుళ్లు చెప్పిన రోజుకు తీర్చి సంపాదించిన మాట పరపతి అది. ఆర్థిక సేవల్లో బతుకుదెరువు వెతుక్కునే పిల్లలు ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: ఆ పరపతిని ఎవరి లాభం కోసం, ఏ సరుకు మీద ఖర్చు పెడుతున్నాం?

బీమా ఏజెన్సీకి అర్హత పెద్దదేం కాదు. పద్దెనిమిదేళ్లు నిండి, పదో తరగతి పాసైతే చాలు. కొద్ది గంటల శిక్షణ, ఐసీ 38 అనే పరీక్ష, అంతే. తలుపు ఇంత బార్లా తెరిచి ఉంచడానికి కారణం ఉంది. ఏజెంటుకు జీతం లేదు, పాలసీ తెస్తేనే కమీషను. పదిమంది చేరి, తలా నాలుగు పాలసీలు ఇంటివాళ్లతో కట్టించి, ఏడాది తిరక్కుండా మానేశారనుకోండి. కంపెనీకి నలభై పాలసీలు మిగులుతాయి. వాళ్లను చేర్పించిన ఆఫీసరుకు ఆ ఏటి టార్గెట్ తీరుతుంది. ఆ పదిమందికి మాత్రం ప్రతి పండక్కీ బంధువుల ఇళ్లలో సంజాయిషీ చెప్పుకునే పని మిగులుతుంది.

దేశంలో ఎల్‌ఐసీ ఏజెంట్లు దాదాపు 14 లక్షల మంది. 2024లో ఆ సంస్థే ఆర్థిక శాఖకు ఇచ్చిన లెక్క ప్రకారం ఏజెంటు సగటు నెల ఆదాయం అన్నిటికన్నా ఎక్కువ అండమాన్‌లో, రూ.20,446. అన్నిటికన్నా తక్కువ హిమాచల్‌ప్రదేశ్‌లో, రూ.10,328. అంటే మన రెండు రాష్ట్రాల సగటూ ఈ రెంటి మధ్యనే ఎక్కడో ఉండాలి. పైగా ఇది పాతికేళ్లుగా రెన్యువల్ కమీషను అందుకుంటున్న పాత కాపులనూ, నిరుడు చేరినవాళ్లనూ కలిపి తీసిన సగటు. ఎక్కువ వ్యాపారం తెచ్చే ఏజెంట్ల చైర్మన్స్ క్లబ్బు సభ్యుడి కారు చూపించి పిల్లల్ని చేర్చుకునే మీటింగుల్లో ఈ అంకె ఎవరూ చెప్పరు.

ఇక సరుకు సంగతి. ముప్పై ఏళ్ల మేనమామ కొడుక్కి ఇద్దరు చిన్న పిల్లలు, ఇంటి అప్పు ఉన్నాయనుకుందాం. అతనికి కావలసింది, చనిపోతేనే ఇంటికి సొమ్ము వచ్చే కోటి రూపాయల టర్మ్ పాలసీ. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఏడాదికి పది పదిహేను వేల రూపాయల్లో దొరుకుతుంది. అతని చేత కట్టించేది ఏడాదికి 50 వేల ఎండోమెంట్, అంటే పొదుపు కలిపిన బీమా. జరగరానిది జరిగితే ఇంటికి వచ్చేది పది లక్షల చుట్టుపక్కల. ఎందుకిలా? పాత పద్ధతిలో దీర్ఘకాలపు ఎండోమెంట్ మీద మొదటి ఏడాది కమీషను బోనసుతో కలిపి 35 శాతం దాకా ఉండేది. 50 వేల మీద రూ.17,500. అదే కమీషను పది వేల టర్మ్ మీద ఎంత వస్తుందో లెక్క వేసుకోండి. కుర్రాడిది దుర్బుద్ధి అనలేం. ఆకలి ఒకవైపు, మేనేజరు ఫోన్లు ఒకవైపు. మార్చి నెలాఖరు వచ్చేసరికి మేనమామ కొడుకు అవసరం ఎవరికీ గుర్తుండదు.

బంధువులేం తక్కువ తినలేదు. ‘సరే కడతానురా అల్లుడూ, మొదటి కిస్తీలో నాకెంత వదులుతావు?’ అంటాడు మామయ్య. ఏజెంటు తన కమీషన్లోంచి ఇలా కొంత తీసి ఇవ్వడం చట్టరీత్యా నేరం. 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షన్ ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ కలిపే వర్తిస్తుంది. జరిమానా పది లక్షల దాకా. ఊళ్లలో ఇది నేరమని తెలిసినవాళ్లు తక్కువ, తెలిసీ మానేసినవాళ్లు ఇంకా తక్కువ. ఫలితం చూడండి. కొత్త ఏజెంటుకు మొదటి ఏడాది ఆదాయమే లేదు, ఉన్నదంతా మామయ్యకు పోయింది. రెండో ఏడాది వదిలేవాడు ఉండడు గనుక మామయ్య కిస్తీ కట్టడు. పాలసీ ల్యాప్స్. రెన్యువల్ కమీషనూ లేదు, మునపటి పలకరింపూ లేదు.

ఈ మధ్య దీన్ని కొంత సరిదిద్దే ప్రయత్నం జరిగింది. ఒక ఏడాది పూర్తి ప్రీమియం కట్టినా మధ్యలో మానేస్తే సరెండర్ విలువ ఇవ్వాల్సిందేనని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన నిబంధన 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో ఎల్‌ఐసీ మొదటి ఏడాది కమీషనును 35 నుంచి 28 శాతానికి తగ్గించి, తర్వాతి ఏళ్ల వాటా పెంచింది. ఏజెంట్ల సంఘాలు గొడవ చేశాయి. వాళ్ల బాధ అర్థం చేసుకోదగిందే, కానీ దారి మంచిదే. అమ్మిన రోజుకన్నా నిలిచిన రోజుకు కూలి ఎక్కువ దక్కాలి. అదే ఏడాది డిసెంబరు 9న పానిపట్‌లో ప్రధాని ప్రారంభించిన బీమా సఖి పథకంలోనూ నాకు నచ్చింది ఈ అంశమే. పదో తరగతి చదివిన మహిళలకు మూడేళ్లపాటు నెలకు ఏడు, ఆరు, అయిదు వేల చొప్పున స్టైపెండ్ ఇస్తారు. ఏడాదికి 24 పాలసీలు తేవాలి. అయితే రెండో ఏడాది స్టైపెండ్ అందాలంటే మొదటి ఏడాది పాలసీల్లో కనీసం 65 శాతం అమల్లో ఉండాలి. డ్వాక్రా గ్రూపులో పొదుపు పుస్తకం రాసిన మహిళకు ఈ షరతు కొత్తేం కాదు. ఎవరు కట్టగలరో, ఎవరు మొహమాటానికి సంతకం పెడుతున్నారో ఆవిడకు తెలుసు.

మ్యూచువల్ ఫండ్ల వైపు వెళ్లే పిల్లలకు లెక్క వేరే రకంగా ఎదురవుతుంది. ఎన్‌ఐఎస్‌ఎం ఫైవ్-ఎ పరీక్షలో నూటికి యాభై తెచ్చుకుని, ఫండు కంపెనీల సంఘం ఆంఫీ దగ్గర ఏఆర్‌ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుంటే డిస్ట్రిబ్యూటరు అయినట్టే. 2009 ఆగస్టులో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ, మదుపు సొమ్ములోంచి ముందే కోసుకునే ఎంట్రీ లోడ్ ఎత్తేసింది. 2018 అక్టోబరులో ముందస్తు కమీషన్లనూ ఆపేసింది. ఇప్పుడు వచ్చేది దాదాపుగా ట్రెయిలే: మదుపరి సొమ్ము ఫండులో ఉన్నంతకాలం ఏడాదికి ఇంత శాతమని. అది ముప్పావు శాతం అనుకుని కాగితం మీద పెట్టి చూడండి. వందమంది చేత నెలకు రెండేసి వేలు సిప్ కట్టించారు. మామూలు మాట కాదు, ఊళ్లో వందమంది! ఏడాది చివరికి 24 లక్షలు జమ. మధ్యలో నెలనెలా చేరుతూ వచ్చిన సొమ్ము గనుక ఆ ఏడాది మొత్తానికి మీ ట్రెయిల్ పదివేల లోపే. నెలకు పాతిక వేలు రావాలంటే మీ చేతి మీదుగా నాలుగు కోట్లు ఫండ్లలో ఉండాలి. పైగా 2013 జనవరి నుంచి డిస్ట్రిబ్యూటరు లేకుండా కట్టుకునే డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి. మీ దగ్గర గంటసేపు సందేహాలు తీర్చుకున్న బావ, ఇంటికెళ్లి ఫోన్లో డైరెక్టుగా కట్టుకోగలడు.

ఈ లెక్క చూసి బెదరనక్కర్లేదు. మూడు నాలుగేళ్లు వేరే ఆదాయం మీద బతికే ఏర్పాటు లేనివాడు దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుని దిగకూడదు, అంతే. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు, ఆదివారాలు నడిపినవాళ్లు నిలబడ్డారు. అప్పుచేసి ఆఫీసు తెరిచి బోర్డు పెట్టినవాళ్లు రెండో ఏడాదే షట్టరు దించారు.

పరపతి తప్పు చోట పెడితే ఎంతదాకా పోతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1995లో మొదలై విజయవాడ కేంద్రంగా పెరిగిన అగ్రిగోల్డ్‌లో డబ్బు పెట్టినవాళ్లు 32 లక్షల మంది. వసూలైన సొమ్ము దాదాపు 6,380 కోట్లు. సామూహిక పెట్టుబడి పథకం నడపడానికి సెబీ అనుమతి లేదు. ఆ సొమ్ము తెచ్చింది టీవీ ప్రకటనలు కాదు. కూతురి పెళ్లికని దాచుకున్న అయిదు వేలు, పది వేలు ఊళ్లో నోరున్న ఏజెంటు మాట మీద ఇచ్చారు. చెల్లింపులు ఆగిపోయాక కంపెనీ పెద్దలు కోర్టుల్లో, జైళ్లలో కనిపించారు. ఊరి గుమ్మాల ముందు జవాబు చెప్పుకున్నది ఏజెంట్లే. కొందరు పొలాలు అమ్మి తీర్చారు, కొందరు ఊరు వదిలారు, కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పదివేల లోపు, 2021లో ఇరవై వేల లోపు డిపాజిటుదారులకు సొమ్ము ఇచ్చింది. ఏజెంటు పోగొట్టుకున్న మాటను ఏ ప్రభుత్వమూ తిరిగి ఇవ్వలేదు.

అందుకని, చేరబోయే సంస్థ ఎవరి అనుమతితో నడుస్తోందో చూడటం మొదటి పని. బీమా అయితే ఐఆర్‌డీఏఐ. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఫండ్లు, షేర్లు అయితే సెబీ. డిపాజిట్లు అయితే రిజర్వు బ్యాంకు. చిట్టీ అయితే 1982 చట్టం కింద చిట్ల రిజిస్ట్రారు దగ్గర ఆ గ్రూపు పేరు మీద ముందస్తు మంజూరు ఉండాలి. నిర్వాహకుడి కమీషను ఏడు శాతం దాటకూడదు. అడిగితే కాగితం చూపించనివాడి దగ్గర మీ పేరు తాకట్టు పెట్టకండి.

ఇంత చదివాక, అసలీ దారే వద్దంటున్నానని అనుకోవద్దు. మంచి ఏజెంటు అవసరం ఊళ్లో ఎంతో ఉంది. కొనిపించేటప్పుడు కన్నా క్లెయిము రోజున ఎక్కువ. ప్రపోజల్ ఫారంలో ‘షుగరు ఉందా?’ అన్న గడిలో నిజం రాయించేది ఎవరు? ‘ఉందని రాస్తే ప్రీమియం పెరుగుతుంది, లేదని కొట్టెయ్’ అనే ఏజెంటు పాలసీ అమ్ముతాడు. కుటుంబం ఆసుపత్రి బిల్లుతో నిలబడినప్పుడు కనిపించడు. జీవిత బీమా పాలసీకి మూడేళ్లు నిండాక ఏ కారణం చూపీ దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదని బీమా చట్టం 45వ సెక్షన్ చెబుతుందని, ఆ మూడేళ్ల లోపే అబద్ధం పీకకు చుట్టుకుంటుందని ఇంటివాళ్లకు విడమరిచి చెప్పేది ఎవరు? నామినీగా ఇంకా తల్లి పేరే ఉంది, పెళ్లయ్యాక మార్చలేదని గుర్తుచేసేది ఎవరు? చదువురాని భార్య మరణ ధ్రువపత్రం కోసం పంచాయతీ చుట్టూ తిరుగుతుంటే తోడు వెళ్లేది ఎవరు? యాప్ ఈ పనులు చేయదు. చేసిన ఏజెంటు పేరు ఆ వీధిలో నిలుస్తుంది. రెన్యువల్ కమీషను, నిబంధనల మేరకు, అతని తర్వాత వారసులకూ అందుతుంది.

కనుక ఈ దారిలో దిగే పిల్లలకు నా సలహా తిరగేసి ఉంటుంది. బంధువుల జాబితా పెట్టెలో పెట్టి తాళం వేయండి. ముందు ఒకటి రెండేళ్లు ఎక్కడైనా జీతానికి పని చేయండి: క్లెయిములు చూసే టీపీఏ ఆఫీసు కావచ్చు, చార్టర్డ్ అకౌంటెంటు దగ్గర కావచ్చు, బ్యాంకు శాఖ కావచ్చు. పాలసీ ఎందుకు తిరస్కరిస్తారో, ఫండు ఎందుకు పడుతుందో అక్కడ తెలుస్తుంది. తర్వాత మొహమాటం లేని పరాయివాళ్లకు అమ్మి చూడండి. మీ మాట విని పరాయివాడు కొన్నాడంటే మీకు పని వచ్చినట్టు. వాళ్లలో పదిమంది రెండో ఏడాదీ కిస్తీ కట్టాక, అప్పుడు మేనమామ ఇంటికి వెళ్లండి. అప్పటికి ఆయనకు ఎండోమెంట్ కావాలో, టర్మ్ కావాలో, అసలేమీ అక్కర్లేదో మీకే తెలుస్తుంది. ‘నీకిది అక్కర్లేదు మామయ్యా’ అని ఒక్కసారి చెప్పి చూడండి. ఆయన ఆ మాట పదిమందికి చెబుతాడు.

పిల్లల జాగ్రత్త ఒక్కటే సరిపోదు. ఏటా ఎందరు ఏజెంట్లు కొత్తగా చేరారో, ఎందరు తొలగిపోయారో నియంత్రణ సంస్థ వార్షిక నివేదికలో అంకెలు ఉంటాయి. చేరే కుర్రాడికి ఆ నివేదిక ఎవరూ చూపించరు. నియామక పత్రం మొదటి పేజీలోనే మూడు అంకెలు అచ్చువేయాలని ఐఆర్‌డీఏఐ నిబంధన తేవాలి: ఆ శాఖలో నిరుడు చేరినవాళ్లెందరు, వాళ్లలో ఇప్పటికీ పనిచేస్తున్నవాళ్లెందరు, వాళ్ల మొదటి ఏడాది సగటు సంపాదన ఎంత. గుట్కా పొట్లం మీద హెచ్చరిక వేయించగలిగిన దేశంలో ఇదేమంత కష్టం కాదు. ఆ నిబంధన వచ్చేదాకా ఆ మూడు ప్రశ్నలూ మీరే అడగండి. మేనేజరు డైరీ తెరిచి అంకెలు చెబితే కూర్చోండి. అంకెలకు బదులు విజయగాథలు చెబితే, కాఫీ తాగి వచ్చేయండి.