మూసిపెట్టిన బండి, కందిరీగల కాపురం

మే నెల వచ్చింది. చలికాలమంతా టార్పాలిన్ కప్పుకుని ఇళ్ళ ముందు నిలబడ్డ క్యాంపర్లను అమెరికాలోని మన సంఘం సభ్యులు ఒక్కొక్కరే బయటికి తీస్తున్నారు. ఒకప్పుడు మన వనభోజనాలంటే ఊరి పార్కులో షెల్టరు మాట్లాడుకుని, పులిహోర గిన్నెలు బల్ల మీద సర్దుకుని, పొద్దు వాలేసరికి ఇల్లు చేరడమే. ఇప్పుడు కొన్ని కుటుంబాలు సొంత ట్రెయిలర్లు కొనుక్కున్నాయి, మరికొన్ని అద్దెకు తెచ్చుకుంటున్నాయి. అమ్మమ్మలూ తాతయ్యలూ ఇండియా నుంచి వచ్చి ఉండే నెలలు కూడా ఇవే కాబట్టి మూడు తరాలు ఒకే బండిలో బయల్దేరుతున్నాయి. ఈ సంచికలో ప్రయాణాల వ్యాసాలు ఎక్కువగా ఉన్నది అందుకే. ఎక్కడ ఆగాలో, ఏం వండుకోవాలో, ఏ జలపాతం దగ్గర జనం తక్కువో అన్నీ వాటిలో ఉన్నాయి. బండి కదలకముందు చూసుకోవలసిన ఒక్క సంగతి మాత్రం ఎవరూ రాయలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. అది కందిరీగల సంగతి.

మొన్న డిసెంబరులో మా ఊరు కోటవురట్ల వెళ్ళాను. అన్నదమ్ముల పిల్లలందరం కలిసి నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాటెక్కి, ఆ మంచులో ఒక రాత్రి గడపాలని అనుకున్నాం. మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర పాత వ్యాను ఒకటి ఉంది. వెనక సీట్లు పీకించి, పరుపులు వేసి, మూలన గ్యాసు పొయ్యి బిగించుకున్నాడు. వానలు మొదలైన దగ్గర్నుంచీ అది పెరట్లో రేకుల పాక కింద కదలకుండా ఉంది. అన్నయ్య తాళంచెవి పట్టుకుని వెళ్తుంటే వదిన ఆపింది. "ముందు చుట్టూ తిరిగి చూడండి. ఇన్నాళ్ళు కదపని బండి" అంది.

చూస్తే తాళం కన్నం మట్టితో మూసుకుపోయి ఉంది. చక్రాల పైరేకు లోపల వేలెడంత మట్టిగూళ్ళు వరసగా ఉన్నాయి. పక్క అద్దం వెనక బూడిదరంగు కాగితంలాంటి చిన్న గూడు, దాని మీద పది పన్నెండు సన్నటి కందిరీగలు. ఇవేవీ మమ్మల్ని భయపెట్టలేదు. పాక మూల ఇటుక గోడ బొరియలోంచి వచ్చిపోతున్నవి చూశాకే అందరం వెనక్కి తగ్గాం. నల్లటి ఒళ్ళు, పొట్ట మీద పసుపుపచ్చ పట్టీ, బొటనవేలి కణుపంత పొడవు. ఆ పెద్ద జాతి గుంపుగా మీద పడితే మనిషి ప్రాణానికే ముప్పు. ఆ పగలు ఎవరం పాక వైపు పోలేదు. చీకటి పడి రాకపోకలు ఆగిపోయాక, ఇంజను స్టార్టు చేయకుండా, టార్చికి ఎర్రకాగితం చుట్టి, నలుగురం కలిసి వ్యానును చేత్తో తోసుకుంటూ వీధిలోకి తెచ్చాం. కందిరీగల కంటికి ఎరుపు ఆనదు. ఇంజను అదురు మాత్రం వాటిని వెంటనే రేపుతుంది. పాకలో గూడు పాకలోనే ఉండిపోయింది, మేం మర్నాడు కొండెక్కాం.

క్యాంపరును ప్రయాణానికి సిద్ధం చేయడంలో మొదటి పని అందులో ఏ జాతి చేరిందో తెలుసుకోవడం. అన్నీ ఒకటే అనుకుని స్ప్రే డబ్బా అందుకునేవాళ్ళు అనవసరంగా కొన్నిటిని చంపుతారు, అసలు ప్రమాదాన్ని మాత్రం చూడరు.

మట్టిగూడు కట్టేది ఒంటరి కందిరీగ. దానికి రాణీ లేదు, దండూ లేదు. తల్లి ఒక్కతే తడిమట్టి ఉండలు మోసుకొచ్చి గదులు కడుతుంది. ఒక్కో గదిలో సాలీళ్ళనో ఆకుపురుగులనో కుట్టి, చావకుండా చచ్చుబడేలా చేసి పెడుతుంది, గుడ్డు పెట్టి మూత వేసి వెళ్ళిపోతుంది. మన పెద్దలు దీన్ని ఎంత శ్రద్ధగా చూశారో భ్రమరకీటక న్యాయం చెబుతుంది. పురుగు లోపలికి వెళ్ళింది, కొన్నాళ్ళకు రెక్కలున్న ఈగ బయటికి వచ్చింది. మధ్యలో జరిగింది కంటికి కనబడదు కాబట్టి, ఈగ ఝంకారాన్నే తలుచుకుని తలుచుకుని పురుగు ఈగ అయిపోయిందన్నారు. వేదాంతులకు అది ధ్యానానికి గొప్ప ఉపమానమైంది. లోపల నిజంగా జరిగేది వేరు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ బతికున్న మాంసాన్ని తిని పెరుగుతుంది. ఆ న్యాయం మీద నాకున్న గౌరవం దీనివల్ల తగ్గలేదు. గూటి ముందు అంత ఓపికగా కూర్చుని చూసినవాళ్ళు మన ముందుతరాల్లో ఉన్నారన్నదే నాకు ముఖ్యం.

ఈ ఒంటరి తల్లి గూటిని కాపాడుకోవడానికి మనిషి మీదికి రావడం చాలా అరుదు. గోడ మీదా గొడుగు మీదా కడితే గీకేస్తే సరిపోతుంది. ఇబ్బంది అంతా అది గొట్టాలను వెతుక్కోవడంలోనే ఉంది. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని పుయెర్టో ప్లాటా నుంచి ఎగిరిన బోయింగ్ 757 సముద్రంలో కూలి, అందులో ఉన్న 189 మందీ చనిపోయారు. ఆ విమానం కొద్దివారాలుగా ఎగరలేదు. గాలివేగాన్ని కొలిచే సన్నటి గొట్టాలకు కొన్నాళ్ళపాటు తొడుగులు వేయలేదు. ఒక గొట్టం మూసుకుపోయింది, కెప్టెన్ ముందున్న వేగసూచి తప్పు చూపించింది, పైలట్లు ఆ అయోమయం నుంచి తేరుకోలేకపోయారు. ఆ గొట్టాలు సముద్రంలోంచి పైకి రాలేదు గానీ, మట్టి కందిరీగ గూడే అడ్డుపడి ఉంటుందని దర్యాప్తు చేసినవాళ్ళ అంచనా. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ విమానాశ్రయానికి అమెరికా ఖండాల నుంచి ఇలాంటి మరో ఈగ చేరింది. దొరికిన కన్నంలో గుడ్లు పెట్టి మట్టితో మూసేయడం దాని అలవాటు. 2013లో అక్కడ బయల్దేరిన ఒక పెద్ద విమానం వేగసూచీలు సరిగా చూపక వెనక్కి దిగవలసి వచ్చింది. ఆ తర్వాత పరిశోధకులు విమానపు గొట్టాలకు నకళ్ళు త్రీడీ ప్రింటర్‌తో చేసి విమానాశ్రయం చుట్టూ అమర్చారు. ఈగలు వాటినీ మూసేశాయి.

మన క్యాంపర్లలో అలాంటి గొట్టాలు ఎన్నో ఉన్నాయి. ఫర్నేసు గాలి పీల్చుకునే కన్నం, పొగ వదిలే కన్నం, వాటర్ హీటర్ బర్నరు గొట్టం, ఫ్రిజ్ వెనక జాలీ, గ్యాసు రెగ్యులేటరు మూత, పైకప్పు వెంటు, ఆనింగ్ మడతలు, బ్యాటరీ పెట్టె. ప్రొపేన్‌కు సొంత వాసన లేదు, లీకు తెలియడానికి మెర్‌కాప్టాన్ అనే ఘాటు వాసన కలుపుతారు. ఆ వాసనకే సాలీళ్ళూ ఈగలూ చేరతాయని క్యాంపర్లు బాగుచేసేవాళ్ళు గట్టిగా చెబుతారు. వాసన సంగతి ఎలా ఉన్నా, చీకటిగా, పొడిగా, వానకు దూరంగా ఉన్న గొట్టాన్ని ఏ తల్లి ఈగ వదులుకుంటుంది? బర్నరు గొట్టంలో మట్టి చేరితే మంట నీలంగా కాక పసుపుపచ్చగా లేస్తుంది, మసి కడుతుంది. ఫర్నేసు పొగ బయటికి పోయే దారి మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి మళ్ళుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. కొండల్లో చలిరాత్రి కిటికీలన్నీ బిగించుకుని, పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని ఫర్నేసు వేసుకునే మనకు ఇంతకన్నా పెద్ద హెచ్చరిక అక్కర్లేదు.

కాబట్టి గ్యాసు వాల్వు తెరవకముందే టార్చి వేసి ప్రతి కన్నంలోకీ చూడండి. మట్టిని మెత్తటి బ్రష్షుతో బయటికి లాగండి, లోపలికి తోయకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మీది బటను నొక్కండి, దాని వెనక ముద్రించిన తేదీ చూడండి. ఆ అలారాలకు కాలపరిమితి ఉంటుంది, గడువు దాటినదాన్ని పారేయాలి. వెంటులకు బిగించే స్టీలు జాలీలు బజారులో దొరుకుతాయి. అయితే ఫర్నేసు తయారుచేసినవాళ్ళలో కొందరు తమ పొగగొట్టానికి జాలీ వద్దంటారు, గాలి ఆడదని. వాళ్ళిచ్చిన పుస్తకం చదివాకే బిగించండి.

కాగితపు గూళ్ళు కట్టే జాతి కథ వేరు. అమెరికాలో శరదృతువులో జత కట్టిన ఆడ ఈగలు చలికాలాన్ని ఏదో ఒక సందులో దాక్కుని గడుపుతాయి. క్యాంపర్ గోడ సందులు వాటికి బాగా నచ్చుతాయి. వసంతంలో ఒక్కొక్కటే బయటికొచ్చి, నాణెమంత గూడు మొదలుపెడుతుంది. ఈ మే నెలలో మీకు కనబడేది ఆ ఒంటరి రాణే. ఇప్పుడు పొడవాటి కర్రతో గూడు రాల్చేస్తే అది మరోచోటు చూసుకుంటుంది, ప్రాణహాని కూడా ఉండదు. ఆగస్టు దాకా వదిలేస్తే ఆ గూట్లో డజన్లకొద్దీ తయారవుతాయి. నేలలో కాపురముండే ఎల్లోజాకెట్లనే కందిరీగలయితే వేలకు చేరతాయి. మన ఊళ్ళల్లో ఈ రుతువుల లెక్క పనికిరాదు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్కర్ దశాబ్దాలపాటు పరిశీలించిన దక్షిణాది కాగితపు కందిరీగ ఏడాది పొడవునా ఎప్పుడైనా కొత్త గూడు పెడుతుంది. రాణి పోతే కూలీల్లోంచి ఒకటి ఆ చోటు తీసుకుంటుంది, గూడు సాగుతూనే ఉంటుంది. అందుకే కోటవురట్లలో తాళం వేసిన ఇల్లయినా వ్యానయినా ఏ నెలలో తీసినా ముందు చూరూ తలుపు సందులూ చూడాల్సిందే. ఇండియా వెళ్ళి ఇల్లు తెరిచే మన సభ్యులకూ ఇదే మాట చెబుతున్నాను.

చేయకూడనివి కొన్ని. కిరసనాయిలు కాగడాతో గూడు కాల్చడం మనకు తెలిసిన పద్ధతే గానీ, గ్యాసు సిలిండరు ఉన్న బండి దగ్గర ఆ ఆలోచనే రాకూడదు. కందిరీగల స్ప్రే మండే స్వభావం ఉన్నది, దాన్ని బర్నరులోకి కొట్టి వెంటనే వెలిగించకూడదు. గూటి పక్కన ఒకదాన్ని నలిపితే దాని ఒంట్లోంచి వచ్చే వాసన మిగిలినవాటిని పిలుస్తుంది. తప్పనిసరిగా చంపాల్సి వస్తే సబ్బునీళ్ళు చాలు, అవి ఊపిరి రంధ్రాలను మూసేస్తాయి. పెద్ద గూడయితే ఆ పని చేసేవాళ్ళను పిలవండి. డబ్బుకు వెనకాడే చోటు కాదిది.

చంపడం తప్పనిసరైతేనే అని రాయడానికి మా ప్రాంతపు చెరకే కారణం. కోటవురట్ల చుట్టుపక్కల, ఏటికొప్పాక వైపు, చెరకు మీద బతికిన కుటుంబాలు ఎన్నో. చెరకుకు పీకపురుగు పడితే మొవ్వు ఎండిపోతుంది. దానికి మందు కొట్టే బదులు పొలంలో ట్రైకోగ్రామా కార్డులు కట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ కార్డుల్లోంచి వచ్చేది ఆవగింజకన్నా చిన్న కందిరీగే. పీకపురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి ఆ పురుగును పుట్టకముందే తుదముట్టిస్తుంది. పెద్ద కందిరీగలు కూడా ఆకుపురుగులను ఏరుకుని తమ పిల్లలకు తినిపిస్తాయి. పంటకు ఇంత మేలు చేసే జాతిని కనబడ్డచోటల్లా చంపమని నేను రాయలేను.

బెల్లం వండే చోట నిలబడ్డవాళ్ళకు తీపికి అవి ఎలా ముసురుతాయో తెలుసు. క్యాంపు బల్ల మీద తెరిచిన కూల్‌డ్రింకు డబ్బా కూడా వాటికి అలాంటిదే. డబ్బాలోకి దూరింది పైకి కనబడదు. నోట్లోనో గొంతులోనో కుడితే వాపు ఊపిరినే అడ్డుకుంటుంది. పిల్లలకు మూత ఉన్న గ్లాసులోనే పోసి ఇవ్వండి.

తేనెటీగలా కందిరీగ ముల్లు వదలదు, ఎన్నిసార్లయినా కుడుతుంది. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెడితే మామూలు నొప్పి తగ్గుతుంది. సున్నం రాసే అలవాటు మనలో చాలామందికి ఉంది. అలర్జీని మాత్రం సున్నం ఆపలేదు. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులూ నాలుకా వాయడం, ఆయాసం, కళ్ళు తిరగడం మొదలైతే తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి వెంటనే 911కు ఫోను చేయాలి. తెలుగు రాష్ట్రాల్లో ఉంటే 108కి. లంబసింగి దారిలో ఉండగా అలాంటిది జరిగితే ఘాటు దిగి నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి చేరడానికి పట్టే సమయం తక్కువేమీ కాదు. అందుకే అలర్జీ ఉన్నవాళ్ళు ఇక్కడి నుంచి ఇంజెక్షన్ వెంట తీసుకెళ్ళాలి. దాన్ని ఎండలో నిలిపిన బండిలో వదలకూడదు, వేడికి మందు పాడవుతుంది.

జులైలో మన సంఘం క్యాంపు ఉంది. బండ్లు శుక్రవారం వెలుతురుండగానే చేరుకోవాలి. గ్యాసు వెలిగించకముందు వెంటులు చూడటానికి మన కార్యకర్తలు ప్రతి బండి దగ్గరికీ వస్తారు. నమోదు ఫారంలో ఈసారి కొత్తగా అలర్జీల గడి పెట్టాం. అందులో పిల్లలతోపాటు ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళ వివరాలు కూడా రాయండి, ఇంజెక్షన్ ఏ సంచిలో ఉందో పక్క బండివాళ్ళకు చెప్పి ఉంచండి.